ఎలుక గుండెకూ మన గుండెకూ పోలికెంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మావారికి నలభై ఆరేళ్ళు. పదిహేనేళ్ళుగా రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ బ్రాందీ తాగుతారు. ఈమధ్య అది చాలక ఇంకో పెగ్గు కలుపుకుంటున్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళ వాపు వస్తున్నాయని కడపకు తీసుకెళ్ళి ఎకో పరీక్ష చేయించాం. గుండె సాగిందనీ, పంపింగ్ 35 శాతమే ఉందనీ, రక్తనాళాల్లో అడ్డంకులేమీ లేవనీ, ఇదంతా మందువల్లేననీ డాక్టరుగారు చెప్పారు. ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి తేల్చారని మా అబ్బాయి చదివి వినిపిస్తే, "ఎలుకకూ నాకూ పోలికేంది?" అని ఆయన కొట్టిపారేస్తున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి? తెలిసినవాళ్ళు కొందరు, ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపి పెడితే తాగుడు మానేస్తారని మాత్రలు తెచ్చిస్తామంటున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రాణాపాయం ఉంది. ఆ మాత్రలు ఆయనకు తెలియకుండా ఎంతమాత్రం పెట్టకండి. తాగుడు మాన్పించడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న మందు డైసల్ఫిరామ్. మనం తాగిన మద్యం కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆపైన మరో ఎంజైము ఆ విషాన్ని అంతగా హాని చేయని ఎసిటేట్‌గా మారుస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమును ఆపేస్తుంది కాబట్టి, మాత్ర ఒంట్లో ఉండగా తాగినవారికి ఎసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుని ముఖం ఎర్రబారుతుంది, వాంతులవుతాయి, గుండె దడ పెరుగుతుంది, రక్తపోటు పడిపోతుంది. పంపింగ్ 35 శాతానికి పడిపోయిన గుండె ఆ తాకిడిని తట్టుకుంటుందన్న భరోసా లేదు. తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదనీ, ఎవరికైనా సరే వారికి తెలియకుండా పెట్టనే కూడదనీ వైద్యులకు మొదట నేర్పే జాగ్రత్తల్లో ఉంటుంది.

ఇక మీవారు అడిగిన మాట. అది కొట్టిపారేయవలసిన మాట కాదు, వైద్యులు కూడా వందేళ్ళకు పైగా తమను తాము వేసుకున్న ప్రశ్న అది. 1884లో మ్యూనిక్ నగరంలో బోలింగర్ అనే వైద్యుడు విపరీతంగా బీరు తాగేవారి గుండెలు పెద్దవై ఉండడం శవపరీక్షల్లో చూసి, దానికి 'బీరు గుండె' అని పేరుపెట్టాడు. అయితే తాగేవారి గుండె పాడైనంత మాత్రాన మద్యమే పాడుచేసిందని తేలిపోదు. తాగే మనిషి చాలాసార్లు సరిగ్గా తినడు, బీడీయో సిగరెట్టో కాలుస్తాడు, రక్తపోటు ఉన్నా మందులు వేసుకోడు, సీసాలో మద్యంతోపాటు ఏమేం కలిశాయో అతనికి తెలియదు. వీటిలో దేనివల్ల గుండె సాగిందో మనిషిని చూసి విడదీయడం దాదాపు అసాధ్యం.

ఆ అనుమానాలు ఊహలు కావు, ప్రతిదానికీ చరిత్రలో రుజువుంది. 1900లో ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతంలో వేలమంది బీరు తాగి జబ్బుపడ్డారు. నరాలు దెబ్బతిన్నాయి, కొందరికి గుండె విఫలమైంది. బీరు తయారీకి వాడిన చక్కెరలో ఆర్సెనిక్ కలిసి ఉందని తర్వాత బయటపడింది. 1965–66లో కెనడాలోని క్యూబెక్ నగరంలో బీరు బాగా తాగేవారిలో దాదాపు యాభై మందికి ఉన్నట్టుండి గుండె విఫలమైంది, వారిలో ఇరవై మంది చనిపోయారు. నురగ నిలవడానికి కలిపిన కోబాల్ట్ లవణాలే అందుకు కారణమని తేలి, ఆ కలపడం మానేశాక కొత్త కేసులు రావడం ఆగిపోయింది. ఎలుకలకు కోబాల్ట్ పెట్టి చూసినప్పుడు గుండె కండరం దెబ్బతిన్నది, మాంసకృత్తులు తక్కువగా ఉన్న తిండి పెట్టిన ఎలుకల్లో ఆ దెబ్బ మరింత పెరిగింది. క్యూబెక్ బాధితులు కూడా అన్నం మానేసి బీరు మీదే బతికినవాళ్ళు కావడంతో, ఆ రెండూ ఎలా కలిసివచ్చాయో అర్థమైంది.

మూడో అనుమానం పోషకాహార లోపం. బి1 విటమిన్, అంటే థయమిన్, లోపిస్తే బెరిబెరి వచ్చి గుండె విఫలమవుతుంది. ఆ జబ్బుకూ తిండికీ ఉన్న సంబంధాన్ని జావా ద్వీపంలో ఐక్మన్ అనే వైద్యుడు 1890లలో కనిపెట్టింది కూడా జంతువుల్లోనే: పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు చచ్చుబడ్డాయి, తవుడు పెడితే కోలుకున్నాయి. ఆ కృషికి ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. తాగేవారి గుండె జబ్బంతా నిజానికి థయమిన్ లోపమేనని, మద్యానికి స్వయంగా దోషం లేదని వైద్యులు చాలాకాలం నమ్మడానికి ఇదే ఆధారం.

ఎలుక, కుక్క పనికివచ్చింది ఇక్కడే. ఒకే వయసు, ఒకే జాతి జంతువులను రెండు గుంపులు చేసి, రెండింటికీ అవే విటమిన్లు, అవే మాంసకృత్తులు, సరిగ్గా అంతే కేలరీలు పెట్టి, ఒక గుంపుకు మాత్రం కొన్ని కేలరీలు మద్యం రూపంలో ఇచ్చి, రెండో గుంపుకు ఆ కేలరీలనే పిండిపదార్థంగా ఇస్తే, చివరికి రెండు గుంపుల గుండెల్లో కనిపించే తేడా మద్యానిదే అవుతుంది. అమెరికాలోని న్యూజెర్సీలో తిమోతీ రీగన్ బృందం కుక్కలకు నెలల తరబడి ఇలా మద్యం ఇచ్చి, 1974లో ఫలితాలు ప్రచురించింది. తిండి సరిగ్గా ఉన్నా కుక్కల గుండె పనితీరు తగ్గింది, గుండె కండరంలో కొవ్వు పేరుకుంది. తర్వాతి దశాబ్దాల్లో ఎలుకలు, చిట్టెలుకలు ఆ కథను కణం లోపలిదాకా తీసుకెళ్ళాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినడం, గుండె ముడుచుకుని వదులవడానికి అవసరమైన కాల్షియం రాకపోకలు మందగించడం, కండరంలో ప్రోటీన్ల తయారీ తగ్గడం వాటిలో కనిపించాయి. మద్యాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మార్చే ఎంజైము గుండెలోనే ఎక్కువగా తయారయ్యేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలకు మద్యం ఇస్తే హాని పెరిగింది. ఎసిటాల్డిహైడ్‌ను వదిలించే ఎంజైమును పెంచిన చిట్టెలుకల్లో హాని తగ్గింది. డైసల్ఫిరామ్ గురించి మీకు పైన అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

అయితే మీవారి మాటలో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. రోజుకు ఎంత తాగితే, ఎన్నేళ్ళకు మనిషి గుండె సాగుతుందో ఎలుక చెప్పలేదు. ఎలుక బతికేదే రెండు మూడేళ్ళు, మద్యాన్ని మనకంటే వేగంగా కరిగించుకుంటుంది. ఆ లెక్క మనుషుల నుంచే వచ్చింది. 1989లో బార్సిలోనా వైద్యులు పోషకాహార లోపం లేని తాగుబోతులను పరీక్షించి, జీవితకాలంలో తాగిన మొత్తం పెరిగేకొద్దీ గుండె పంపింగ్ తగ్గుతూ వచ్చిందని చూపించారు. కుక్కలో, ఎలుకలో కనిపించినదే తిండి సరిగ్గా తినే మనిషిలోనూ కనిపించింది కాబట్టే వైద్యులు ఇంత నమ్మకంగా మాట్లాడుతున్నారు. రోజుకు 80 గ్రాముల ఆల్కహాలు ఐదేళ్ళకు పైగా తాగినవారిలో ఈ జబ్బు ఎక్కువగా చూస్తామని వైద్యగ్రంథాలు చెబుతాయి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ బ్రాందీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దానికి 60 మిల్లీలీటర్ల పెగ్గు ఒకటి కలిస్తే సుమారు 80 గ్రాములు. ఈ లెక్క ఆయన ముందు కాగితం మీద వేసి చూపించండి, ఎలుక మాట ఎత్తవలసిన అవసరమే ఉండదు.

ఆయనకు చెప్పవలసిన మంచి మాట కూడా ఒకటుంది. మద్యంవల్ల సాగిన గుండెకు, తాగుడు మానేస్తే కొంతైనా తిరిగి కుదుటపడే అవకాశం బాగా ఉంది. పూర్తిగా మానేసి, డాక్టరుగారు రాసిన మందులు వేసుకున్నవారిలో చాలామందికి కొన్ని నెలల్లో పంపింగ్ మెరుగవుతుంది. అయితే ఇన్నేళ్ళుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్లు, మతి చెదరడం రావచ్చు కాబట్టి వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించాలి. 14446 నంబరుకు ఫోన్ చేస్తే దగ్గర్లోని డీ-అడిక్షన్ కేంద్రం వివరాలు చెబుతారు. ఇంట్లో రహస్యంగా మాత్రలు కలిపే మాట మాత్రం మనసులోంచి తీసేయండి.

ప్రశ్న: నేను అనంతపురంలో ఫార్మసీ పీజీ చదువుతున్నాను. మద్యంవల్ల గుండెకు జరిగే హాని మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. ఎలుకలకు మద్యాన్ని నీళ్ళలో కలిపి పెట్టాలా, గొట్టంతో పొట్టలోకి పోయాలా, లిక్విడ్ డైట్ వాడాలా? ఎన్ని వారాలు ఇవ్వాలి? ఎలుక మంచిదా, చిట్టెలుక మంచిదా?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: బాబూ, మోడల్, అంటే ప్రయోగానికి వాడే జంతువునూ పద్ధతినీ, ఎంచుకునే ముందు నీ ప్రశ్న ఏమిటో ఒక వాక్యంలో రాసుకో. ఏళ్ళ తరబడి తాగుడువల్ల గుండె కండరం బలహీనపడడం ఒక ప్రశ్న, పండగనాడు మితిమీరి తాగి మర్నాడు గుండె లయ తప్పి ఆసుపత్రికి రావడం వేరే ప్రశ్న. రెండోదానికి 1978లోనే 'హాలిడే హార్ట్' అని పేరుపెట్టారు. మొదటిదానికి ఎలుకలు సరిపోతాయి. రెండోదానికి అవి అంతగా పనికిరావు. చిట్టెలుక గుండె నిమిషానికి 500 నుంచి 600 సార్లు, ఎలుకది 300 నుంచి 400 సార్లు కొట్టుకుంటుంది. కండరాన్ని ముడిచే మయోసిన్ అనే ప్రోటీన్‌లో, వాటి గుండెలో ప్రధానంగా ఉండే రకం కూడా మనదానికి భిన్నం. విద్యుత్ తరంగం రూపమే వేరు కాబట్టి, లయకు సంబంధించిన ప్రశ్నలకు కుందేలు, పంది, కుక్క గుండెలు మనకు దగ్గరగా ఉంటాయి.

ఇవ్వవలసిన పద్ధతి గురించి. నీళ్ళలో కలిపి పెట్టడం తేలిక, ఖర్చు తక్కువ. కానీ చాలా జాతుల ఎలుకలకు మద్యం వాసన గిట్టదు. నీళ్ళు తాగడం తగ్గిస్తాయి, తిండి తగ్గిస్తాయి, రక్తంలో ఆల్కహాలు ఎక్కేది కొంచెమే. చివరికి నువ్వు కొలిచేది మద్యం హానినా, దప్పికతో, ఆకలితో ఎండిపోయిన హానినా అన్నది తేలదు. గొట్టంతో పొట్టలోకి పోస్తే మోతాదు కచ్చితంగా తెలుస్తుంది, అయితే రోజూ పట్టుకుని పోయడంవల్ల కలిగే బెదురే గుండె మీద ప్రభావం చూపుతుంది, చేయి తప్పితే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పోల్చే గుంపుకు కూడా అదే పరిమాణంలో నీళ్ళో చక్కెర ద్రావణమో అదే విధంగా పోయాలి.

నా అభిప్రాయం అడిగితే, దీర్ఘకాలిక హాని చూడడానికి చార్లెస్ లీబర్, లియొనోర్ డికార్లీ రూపొందించిన ద్రవాహారమే మేలు. అందులో మొత్తం కేలరీల్లో సుమారు 36 శాతం మద్యం నుంచి వస్తాయి. తాగడానికి నీళ్ళు గానీ గట్టి మేత గానీ వేరే ఉండవు కాబట్టి ఎలుక దాన్నే తీసుకుంటుంది. మొదటిరోజే పూర్తి మోతాదు పెట్టకుండా వారంపాటు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. పోల్చే గుంపుకు మద్యం బదులు అంతే కేలరీల మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలిపి, మద్యం గుంపు నిన్న ఎంత తిన్నదో కొలిచి ఈరోజు అంతే పెట్టడం ఈ పద్ధతికి ప్రాణం. ఆ కొలత ఒక్కరోజు ఎగ్గొట్టినా ఫలితం మీద అనుమానం వస్తుంది. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల వేడికి ఈ ద్రవాహారం త్వరగా పులిసిపోతుంది, ఎలుకల గది చల్లగా లేకపోతే మేత తగ్గిస్తాయి. కాబట్టి కరెంటు పోయినప్పుడు జనరేటరు ఏర్పాటు ఉందో లేదో ముందే చూసుకో, వీలుంటే ప్రయోగాన్ని చలికాలానికి పెట్టుకో.

పదిరోజులు ద్రవాహారం పెట్టి, చివర ఒకేసారి కిలో బరువుకు 5 గ్రాముల మద్యం గొట్టంతో పోసే పద్ధతి ఒకటి 2013లో వివరంగా ప్రచురితమై బాగా ప్రచారంలోకి వచ్చింది. అది కాలేయం కోసం రూపొందినది. తర్వాత గుండె మీద కూడా వాడారు గానీ, పదిరోజుల ప్రయోగం చేసి పదిహేనేళ్ళ తాగుడు గురించి తీర్మానాలు రాయకు. గుండె నిజంగా సాగడం చూడాలంటే ఎలుకల్లో నెలలు పడుతుంది, అప్పటికీ మనుషుల్లో చూసేంత తీవ్రత సాధారణంగా రాదు.

మోతాదును మనిషి లెక్కలోకి మార్చేటప్పుడు చాలామంది పొరబడతారు. మనిషి గంటకు కిలో బరువుకు సుమారు 100 మిల్లీగ్రాముల ఆల్కహాలును ఖర్చు చేసుకుంటే, ఎలుక 300, చిట్టెలుక 550 మిల్లీగ్రాముల దాకా ఖర్చు చేసుకుంటుంది. అందువల్ల ఎన్ని గ్రాములు పోశావన్నదానికంటే రక్తంలో ఎంత తేలిందన్నదే పోల్చదగిన సంఖ్య. ఆ కొలత లేని థీసిస్‌ను నేనైతే అంగీకరించను. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. నీ ఎలుకల రక్తంలో తేలిన సంఖ్యను దాని పక్కన పెట్టి రాస్తే చదివేవారికి అర్థమవుతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఇష్టపడి మద్యం తాగే చిట్టెలుక కావాలంటే సి57 బ్లాక్ 6 జాతిని తీసుకో, డీబీఏ 2 జాతి ముట్టదు. మగవాటితోపాటు ఆడవాటిని కూడా చేర్చు, ఎందుకంటే ఆడవారి గుండె తక్కువ మద్యానికే దెబ్బతింటుందని మనుషుల్లో చూశారు. గుండె బరువును శరీర బరువుతో భాగించవద్దు. మద్యం ఎలుకలు బక్కచిక్కుతాయి కాబట్టి ఆ నిష్పత్తి తప్పుదోవ పట్టిస్తుంది, మోకాలి కింది పెద్ద ఎముక (టిబియా) పొడవుతో భాగించు. ఎకో తీసేటప్పుడు ఇచ్చే మత్తుమందు గుండె వేగాన్ని తగ్గిస్తుంది, రెండు గుంపులకూ ఒకే మత్తు, ఒకే సమయం పాటించు, ఏ ఎలుక ఏ గుంపుదో తెలియని మనిషితో చిత్రాలు చదివించు. డినేచర్డ్ స్పిరిట్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకు, అందులో మిథనాల్ లాంటి విషాలు ఉంటాయి. శుద్ధమైన ఆల్కహాలుకు ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి, ఆ కాగితాలకు సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు.

ప్రశ్న: తాగేది మనిషి, శిక్ష మూగజీవాలకా? ఇది న్యాయమేనా?
— ఒక ఉపాధ్యాయిని, ఆదోని

జవాబు: మీ ప్రశ్న నన్ను కూడా బాధపెడుతుంది, దానికి మనసు నిమ్మళించే జవాబు నా దగ్గర లేదు. జంతువులు లేకపోతే ఏం జరిగేదో మాత్రం చెప్పగలను. పైన చెప్పిన రీగన్ బృందమే 1960ల చివర, మంచి భోజనం, విటమిన్లు ఇస్తూనే, తాగుడు అలవాటున్న ఒక మనిషికి ఆసుపత్రిలో నెలల తరబడి రోజూ విస్కీ ఇచ్చి గుండె ఎలా బలహీనపడుతుందో కొలిచి చూసింది. ఈరోజు ఏ ఎథిక్స్ కమిటీ దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వద్ద నమోదైన సంస్థలే ప్రయోగాలు చేయాలి, ప్రతి ప్రయోగానికీ ఆ సంస్థలోని జంతు నైతిక సంఘం ముందుగా అనుమతి ఇవ్వాలి, పెద్ద జంతువులైతే దరఖాస్తు కేంద్ర కమిటీకే వెళ్ళాలి. వీలైతే జంతువును వాడకుండా చేయడం, వాడక తప్పకపోతే సంఖ్య తగ్గించడం, వాడినవాటికి బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలను 1959లో రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. నేటికీ అవే కొలమానం. మనిషి చర్మకణాల నుంచో రక్తకణాల నుంచో గుండె కణాలను పెంచి, వాటి మీదే మద్యం, ఎసిటాల్డిహైడ్ ప్రభావాన్ని చూడడం ఇప్పుడు సాధ్యమవుతోంది. కణం లోపలి ప్రశ్నలకు ఎలుక అవసరం దీనివల్ల తగ్గుతుంది. కాలేయం, రక్తపోటు, నాడులు, గుండె అన్నీ కలిసి ఒకే ఒంట్లో ఎలా స్పందిస్తాయన్న ప్రశ్నకు మాత్రం ఆ కణాలు ఇంకా జవాబు చెప్పలేవు. తేలిపోయిన సంగతినే మళ్ళీ తేల్చడానికి, కేవలం డిగ్రీ కోసం ఎలుకలను చంపే ప్రాజెక్టులను నేను సమర్థించను. ఈ మాట అనంతపురం విద్యార్థికి కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: రోజూ కొద్దిగా రెడ్ వైన్ తాగితే గుండెకు మంచిదని చిట్టెలుకల్లో రుజువైందట. మా స్నేహితులు అదే చెప్పి మొదలుపెట్టారు. నిజమేనా?
— ఒక రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: ఆ చిట్టెలుకలు వైన్ తాగలేదండీ. 2006లో ప్రచురితమైన ప్రసిద్ధ ప్రయోగంలో, కొవ్వు ఎక్కువగా ఉన్న మేత తింటున్న చిట్టెలుకలకు ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థాన్ని ఆ మేతలోనే కలిపి పెట్టారు. వాటి ఆరోగ్యం, ఆయుష్షు మెరుగుపడ్డాయి. అందులో మద్యం చుక్కయినా లేదు. పెట్టిన మోతాదు రోజుకు కిలో బరువుకు సుమారు 22 మిల్లీగ్రాములు. జంతువు మోతాదును మనిషికి మార్చే పద్ధతిలో లెక్కవేస్తే, 60 కిలోల మనిషికి రోజుకు 100 మిల్లీగ్రాములకు పైగా అవుతుంది. రెడ్ వైన్‌లో ఉండేది లీటరుకు సగటున 2 మిల్లీగ్రాములు. అంటే రోజుకు 50 లీటర్ల వైన్ తాగాలి.

మితంగా తాగేవారికి గుండెపోటు తక్కువని మనుషుల్లో కొన్ని సర్వేలు చెప్పిన మాట వాస్తవం. వాటిలో పెద్ద లోపం ఉంది: 'తాగనివారు' అనే గుంపులో, జబ్బు చేసి తాగుడు మానేసినవారు కూడా కలిసిపోయారు, వారితో పోలిస్తే ఎవరైనా ఆరోగ్యంగానే కనిపిస్తారు. గుండెపోటు కారణాల మీద అనేక దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోని దక్షిణాసియా సమాచారాన్ని విడిగా పరిశీలించి 2007లో ప్రచురించినప్పుడు, ఇతర దేశాల్లో కనిపించిన ఆ మేలు మనవారిలో కనిపించలేదు. మద్యం విషయంలో పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. మీ స్నేహితుల్లో ఎవరికైనా ఇప్పటికే రక్తపోటు గానీ గుండె దడ గానీ ఉంటే, వైన్ మాట పక్కనపెట్టి ముందుగా ఒక ఈసీజీ, ఒక ఎకో తీయించుకోమని చెప్పండి.